ఆరుగురి కుటుంబం, వంద జీబీల చోటు

గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా ఫొటోలు దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఆ తరువాత ఎక్కించిన ప్రతి ఫొటోనూ, జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఇచ్చే 15 జీబీలోనే లెక్కించడం మొదలైంది. బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో ఆ సంగతి నాకు తెలిసివచ్చింది మాత్రం, అమ్మాయి బడి నుంచి రావలసిన మెయిల్ ఎంతకీ రాని రోజున. చోటు నిండితే ఫొటోలు ఎక్కకపోవడమే కాదు, మెయిళ్లు కూడా రావని అప్పటిదాకా నాకు తెలియదు.

వంద జీబీల పథకానికి డబ్బు కట్టాం. దాన్ని తీసుకున్నవారు మరో ఐదుగురితో పంచుకోవచ్చు గాని, అందరూ ఒకే దేశంలో ఉండాలి. కాబట్టి డాలస్‌లో ఉన్న మా మరిది ఈ లెక్క ప్రకారం మా కుటుంబం కాడు. మేమిద్దరం, అమ్మాయి, ప్రొద్దుటూరులో ఉన్న అత్తమ్మ, మామయ్య కలిసి ఐదుగురమయ్యాం. బాబుకు ఏడేళ్లే కనుక వాడికింకా ఖాతా లేదు. ఆరో చోటు మా అమ్మకా, మా ఆయన పిన్నికా అన్న చర్చ రెండు రోజులు నడిచింది. నెల్లూరులోని మా అమ్మకే దక్కిందన్నంత వరకు ఇక్కడ చెబితే చాలు.

చోటు పంచుకోవడం వేరు, ఫొటోలు పంచుకోవడం వేరు. మొదటిది ఒకే కరెంటు మీటరు మీద ఆరు గదులు ఉండటం లాంటిది. ఎవరి గది తలుపు వారిదే, ఒకరి ఫొటోలు మరొకరికి కనబడవు. రెండోది తలుపులు తెరిచిపెట్టడం. ఆల్బమ్ పంచుకున్నప్పుడు అందులోని ఫొటో ఎక్కించినవారి ఖాతాలోనే లెక్కకు వస్తుంది. చూసేవారు దాన్ని తమ ఖాతాలో మళ్లీ భద్రపరుచుకుంటే మాత్రం అక్కడ కూడా చోటు తీసుకుంటుంది. చెన్నైలో ఐఫోన్లు వాడే మా అక్క ఇంట్లో పద్ధతి ఇంకొకటి. ఆపిల్ వారి ఉమ్మడి ఫొటో లైబ్రరీలో చోటంతా దాన్ని మొదలుపెట్టిన వారి ఖాతాలోనే పోతుంది గాని, చేరినవారిలో ఎవరు ఒక ఫొటో తీసేసినా అందరికీ పోతుంది. వాళ్ల చిన్నవాడు అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటోలు సగం తీసేశాడు. తీసేసినవి ముప్ఫై రోజులు వేరే చోట ఉంటాయి కాబట్టి బతికిపోయారు.

మా ఇంట్లో వచ్చిన చిక్కు తీసేయడం వల్ల కాదు, చేర్చడం వల్ల. ఒక మొహాన్ని ఎంచుకుంటే ఆ మొహం ఉన్న ఫొటోలన్నీ వాటంతట అవే చేరిపోయే ఆల్బమ్‌ను అమ్మాయి పేరిట చేసి, అత్తమ్మతో పంచుకున్నాను. ఇక రోజూ ఫొటోలు పంపే పని తప్పుతుందనుకున్నాను. ఈత పోటీలో అమ్మాయి ఈత దుస్తుల్లో నిలబడిన ఫొటో కూడా అలాగే చేరింది. అత్తమ్మ మురిసిపోయి దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఎవరో ఏదో అన్నారు.

“నన్ను కేళకుండా నా ఫొటో ఎందుకు పంపారు?” అని అమ్మాయి ఏడ్చింది. అడగడాన్ని కన్నడంలో కేళడం అంటారు, కోపం వస్తే పిల్ల నోట ముందు ఆ మాటే వస్తుంది. అత్తమ్మ ఫోన్లో, “నా మనమరాలి ఫొటో నలుగురికి చూపిచ్చుకునేదానికి గూడా పర్మిషన్ కావల్లనా?” అని నొచ్చుకున్నారు. పిల్ల ఇంటిల్లిపాదిదీ అన్న నమ్మకంలో ఆవిడ జీవితమంతా గడిచింది. తన మొహం తనదని పదమూడేళ్ల పిల్ల అంటుంటే, పెంచిన నేనే మొదట తడబడ్డాను. అయినా ఈ విషయంలో నేను పిల్ల పక్షమే. అడక్కుండా ఆ ఆల్బమ్‌కు తలుపు తీసింది అత్తమ్మ కాదు, నేను.

ఆ ఆల్బమ్ తీసేశాం. ఇప్పుడున్నది అమ్మాయి స్వయంగా ఏరి పెట్టే ఆల్బమ్. నెలకు పదో పన్నెండో ఫొటోలే ఉంటాయి. అత్తమ్మకు మొదట ఇవి చాలలేదు. అత్తమ్మ రాసేవి చదవడానికి పిల్లకు అడ్డం వచ్చింది లిపి. కర్ణాటక బడుల్లో కన్నడ నేర్పడం 2015 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి కాబట్టి దానికి కన్నడం చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటమే వచ్చు. అత్తమ్మ ఫొటోల కింద రాసే తెలుగును అది కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ, ‘త’ దగ్గర ప్రతిసారీ ఆగుతూ కూడబలుక్కుంటుంది. తన ఫోన్లో అత్తమ్మ మొహానికి అది కన్నడంలో ‘అజ్జి’, అంటే నాయనమ్మ, అని పేరు పెట్టుకుంది. మొహాలకు పెట్టే పేర్లు ఎవరి ఖాతాలో వారికే కనబడతాయి. అత్తమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం ఆ ఫోన్ చూసి, ఎవరూ చెప్పకుండానే ఆ రెండక్షరాలూ చదివేసి, “నేను జేజిని గదా, అజ్జి ఎవురు?” అన్నారు.

మొన్న సంక్రాంతికి అమ్మాయి పావడా కట్టుకుని అపార్ట్‌మెంట్‌లో ఎళ్ళు-బెల్లం పంచుతున్న ఫొటో పెట్టింది. “నువ్వులూ బెల్లమూ ఊరంతా పంచి నాకేదీ?” అని అత్తమ్మ కింద రాశారు. అమ్మాయి పది నిమిషాలు కూర్చుని అది చదివి, “జేజీ, కొరియర్ చేస్తా” అని తెలుగు మాటనే కన్నడ లిపిలో జవాబు రాసింది. ఆ జవాబును మామయ్య స్క్రీన్‌షాట్ తీసి మా అందరికీ వాట్సాప్‌లో పంపారు. ఇప్పుడది ఆరు ఖాతాల్లో ఆరుసార్లు చోటు తింటోంది.