అక్క మెడ, ఫిబ్రవరి ముహూర్తం

శనివారం. మధ్యాహ్నం అక్కను ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఫిబ్రవరిలో కొడుకు పెళ్లి. ఆలోగా గడ్డం కింద వేలాడే చర్మం బిగించుకోవాలని అక్క పట్టుదల. "ఈ వయసులో నీ మెడ ఎవరు చూస్తారే" అన్నాడు బావ. ఆయన మాత్రం జుట్టుకు రంగు మానడు.

డాక్టరు మెడ చూడకముందే మాత్రలన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఇంకా బీపీ మాత్ర, ఎవరో చెబితే కొనుక్కున్న చేపనూనె క్యాప్సూళ్లు. క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పు తిప్పి చూసి, "స్టెంట్ ఎప్పుడు వేశారమ్మా?" అని అడిగాడు.

"ఆగస్టులో. గుండెపోటు వచ్చినప్పుడు."

"అయితే ఫిబ్రవరికి కుదరదు."

గుండెపోటుకు స్టెంట్, అంటే రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి జాలీ గొట్టం, వేస్తే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మామూలుగా ఏడాది దాకా వాడాలట. మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆపకుండా కోస్తే మెడలో రక్తం చేరవచ్చు. మిగతా చోట్ల అయితే వాపుతో పోతుందేమో గానీ, మెడలో చేరితే ఊపిరి గొట్టాన్నే నొక్కేస్తుంది. ఆ భయం మొదటి 24 గంటల్లో ఎక్కువట. ఏడాది నిండాక కూడా ఏ మాత్ర ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె డాక్టరు రాసివ్వాల్సిందే. చేపనూనె కూడా ఆపరేషన్‌కు ముందు మానెయ్యమన్నాడు.

అక్క ఊరుకుంటుందా! పన్ను ఇంప్లాంట్ కూడా వేయించుకోవాలి, రెండూ ఒకే నెలలో కానిచ్చేస్తే ఒకటే విశ్రాంతి కదా అంది. మెడ కుట్లు పచ్చిగా ఉండగా పళ్ల కుర్చీలో మెడ వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరవడం ఏం బాగుంటుందమ్మా అన్నాడాయన. పన్ను పని ముందు, అది పూర్తిగా మానాక మెడ. పంటి పనికైనా గుండె డాక్టరుకు చెప్పే వెళ్లాలట.

డబ్బొచ్చే పనిని వద్దన్నాడు చూడండి, ఆయన మీద నాకు అక్కడే గురి కుదిరింది. అక్కకు మాత్రం కుదరలేదు. ఆటోలో ముఖం మాడ్చుకుని కూర్చుంది. అమీర్‌పేట దాటాక, "కాలర్ నెక్ జాకెట్టుకు మన టైలర్ ఎంత తీసుకుంటాడే?" అంది.

కాలర్ నెక్ ఆమెకు నప్పదు. ఆ మాట ఇవాళ చెప్పలేదు. సోమవారం గుండె డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.