నల్లా వచ్చే వేళ

పొద్దున ఏడింటికి నర్సంపేట బస్సు దిగేసరికి ఊరు సగం ఖాళీ. మిరపకాయ ఏరే రోజులు. సద్దిగిన్నెలు ఒడిలో పెట్టుకుని ఆడవాళ్లు ఆటోల్లో ఎప్పుడో వెళ్లిపోయారు.

పంచాయతీ కార్యదర్శిగా ఇక్కడికి వచ్చిన కొత్తలో గ్రామసభలన్నీ పదకొండు గంటలకే పెట్టేదాన్ని. ఇరవై ముప్పై మంది వచ్చేవారు. అందరూ మగవాళ్లు, రోజూ కనిపించే ముఖాలే. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ జరపమంటుంది. జరిపాను, సంతకాలు పెట్టించాను. కానీ తోటకు వెళ్లినవాళ్ల మాట ఒక్కటీ పుస్తకంలోకి ఎక్కలేదు. అందుకే ఈసారి సర్పంచ్ గారిని ఒప్పించి ఇవాళ్టి సభను సాయంత్రం ఏడింటికి మార్పించాను.

కార్మికుల హాజరు, చెత్త ట్రాక్టర్, నర్సరీకి నీళ్లు, యాప్‌లో ఫొటోలు... మధ్యాహ్నం వరకు రోజూ ఉండేవే.

ఆ తర్వాత ఒకామె అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త పోయి పద్దెనిమిది రోజులు. మరణం నమోదు చేయించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 21 రోజుల్లోపు అయితే రుసుము లేకుండా ఇక్కడే అయిపోతుంది. ఆలస్యమయ్యేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది. ఆ కాగితం లేనిదే అయిదు లక్షల రైతు బీమా కదలదు. నేను రిజిస్టర్‌లో రాస్తుంటే ఆమె నా కలం వెంటే చూస్తోంది. చదువు రాదు. "ఆయన పేరేనా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చదివి వినిపించాను. చావు కబురు నాకు మొదటిరోజే తెలుసు. నేనే వాళ్లింటికి వెళ్లి చెప్పి ఉండాల్సింది. ఆ మాట మధ్యాహ్నమంతా మనసులో మెదులుతూనే ఉంది.

పక్కన కుర్చీలో కూర్చుని ఇదంతా చూసింది ఈ ఊరి అమ్మాయే. హనుమకొండలో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. పంచాయతీ పని చూస్తానంటే రమ్మన్నాను. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాలు గడగడా చెబుతుంది. సొంత ఊరి గ్రామసభకు మాత్రం ఇంతవరకూ రాలేదు. తప్పుపట్టను, ఉద్యోగంలో చేరేనాటికి నేనూ అంతే. "ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటక్కా?" అని అడిగింది. సాయంత్రం దాకా ఉండమన్నాను.

రెండుసార్లు డప్పు చాటింపు వేయించినా ఏడుంపావు వరకు బడి ఆవరణలో ఎవరూ లేరు. నా గుండె జారిపోయింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చంటిపిల్లలను ఎత్తుకుని, తడి జుట్టుతో, చేతులకు ఇంకా మిరప ఘాటుతో. వందకు పైగానే. సగానికి మించి ఆడవాళ్లు.

జమాఖర్చులు చదవడం అయ్యాక చివరి వాడ నుంచి వచ్చిన అవ్వ లేచి నిలబడింది. "మేం ఆరింటికే పనికి పోతాం బిడ్డా. మీ నల్లా ఎనిమిదింటికి వస్తుంది. బిల్లు కట్టేది మేము, నీళ్లు పోయేది మోరీలోకి. ఇంటి ముందు నల్లా పెట్టుకుని బోరింగు కొట్టి నీళ్లు పట్టుకుంటున్నాం."

సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నా లెక్కల్లో ఆ వాడలో ఇంటింటికీ మిషన్ భగీరథ మంచినీటి పథకం నల్లా ఉంది. అది అబద్ధమూ కాదు. దీనికి నిధులు అక్కర్లేదు, అంచనాలు వేయనక్కర్లేదు. వాటర్‌మన్ వాల్వు తిప్పే వేళ మారిస్తే చాలు. ఇన్నాళ్లూ ఈ మాట ఎవరూ అడగలేదని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఎలా అడుగుతారు? సభ జరిగే వేళకు వాళ్లు తోటలో ఉండేవారు.

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకున్న సంగతి చెప్పాను. మంచినీటికి అలాంటిదొకటి ఇక్కడా కావాలన్నారు. ఆ వాడ ఆడవాళ్లే అయిదుగురు ముందుకొచ్చారు.

తీర్మానం ఆ అమ్మాయితో రాయించాను. "అడిగినవాళ్ల పేరు కూడా రాయాలా అక్కా?" అంది. ఇంటిపేరుతో సహా రాయమన్నాను. అవ్వ బొటనవేలికి సిరా పూస్తుంటే ఆ అమ్మాయి చేయి కాస్త వణికింది.

రాత్రి పది దాటింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. అంగన్‌వాడీ టీచర్ ఇంట్లో పడుకుంటున్నాను. రేపు అయిదింటికి వాల్వు తిప్పుతానని వాటర్‌మన్ మాట ఇచ్చాడు. తనూ వస్తానంది ఆ అమ్మాయి. నాలుగూ ముప్పావుకు అలారం పెట్టాను. చివరి వాడ దాకా నీళ్లు ఏ ఒత్తిడితో అందుతాయో నల్లా దగ్గర నిలబడి చూడాలి.