అంబాజీపేటకు కొబ్బరి మొక్కల కోసం

ఖమ్మం దగ్గర మాకున్న కాస్త చెలకలో గట్ల వెంట కొబ్బరి వేద్దామని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. మొక్కలు ఎక్కడ కొన్నా మొక్కలే కదా అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ల మేనమామది అంబాజీపేట పక్కన ఊరు, ఆయన చూసి సరే అంటేగానీ కొనేది లేదంది. ఇలాగైనా కోనసీమ చూసినట్టుంటుందని కారు తీశాం.

గౌతమి వంతెన దాటి, రావులపాలెంలో అరటి గెలల లారీలను తప్పించుకుని కొత్తపేట రోడ్డు ఎక్కాక ఇక చెప్పేదేముంది, కాలువ, గట్టు, కొబ్బరి, కొబ్బరి నీడలో అరటీ కందా కోకో. అందరూ తీసే ఫొటోలే నేనూ తీశాను. సాయంత్రం మావయ్యగారికి చూపిస్తే ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, "ఈ చెట్టుకి కొమ్ముపురుగు పట్టిందండి అల్లుడుగారూ. ఆకు చూడండి, కత్తెరేసినట్టు లేదూ?" అన్నారు. నిజంగానే ఆకుకి రెండు వైపులా ఏటవాలుగా ఒకేలా కోత. ఆకు ఇంకా మొవ్వులో, అంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత మొగ్గలో, మడత పడి ఉండగానే పురుగు దాన్ని అడ్డంగా తొలుస్తుంది, ఆ మడత విచ్చుకున్నాక మనకి ఆ కోత కనిపిస్తుంది. అంటే కనిపించేసరికి పురుగు తన పని ఎప్పుడో కానిచ్చేసి ఉంటుంది.

మర్నాడు ఆయన తోటలో దింపు, అంటే చెట్లెక్కి కాయలు దించడం. దింపు మనిషి కాళ్లకి బందం వేసుకుని, నడుముకి కత్తి, చివర వంకీ ఉన్న ఇనుప చువ్వ పెట్టుకుని చకచకా ఎక్కేశాడు. ముందు గెలలు కిందపడ్డాయి, తరవాత ఎండు మట్టలు, ఆ తరవాత చాలాసేపు ఏమీ పడలేదు. పైన మొవ్వు పక్కన చువ్వ పెట్టి కెలుకుతున్నాడు. కాసేపటికి నమిలిన పీచు తడితడిగా రాలింది, దాంతోపాటు పురుగు. బొటనవేలంత ఉంది, నల్లగా నున్నగా, ముక్కు మీద వెనక్కి వంగిన కొమ్ము, చువ్వ దిగినా కాళ్లు ఇంకా ఆడిస్తోంది. పైన మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి పోసి దిగాడు. మందు ఖర్చు పెద్దదేం కాదట, ఎక్కే మనిషి దొరకడమే కష్టమట. పిల్లలెవరూ ఈ పనిలోకి రావడం లేదు. ఎందుకు వస్తారు, అంత ఎత్తు నుంచి ఒక్కసారి జారితే చాలదూ.

"మరి పురుగు ఎక్కడి నుంచి వస్తోంది?" అంటే పార తీసుకుని పశువుల పాక వెనక పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్లారు. ఒక్క పోటు తీసేసరికి తెల్లగా, లావుగా, ముడుచుకుపోయిన పిల్లపురుగులు. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. మెటారైజియం అనే బూజుని కుప్పలో కలిపితే అది వీటికి పట్టి చంపుతుంది, పట్టిన పురుగు ఆకుపచ్చగా మారిపోతుంది. ఈసారి కలపడం కుదరలేదని ఆయనే కాస్త నొచ్చుకున్నారు.

ఈ ప్రయాణంలో నాకు బుర్ర తిరిగింది మాత్రం ఆయన లెక్క విన్నాక. కొబ్బరి సుమారుగా నెలకో ఆకు వేస్తుంది, ప్రతి ఆకు మొదట్లో ఒక పూగుత్తి. అయితే ఆ పూగుత్తి బయటపడటానికి రెండున్నరేళ్ల ముందే మొవ్వులో దానికి అంకురం పడుతుంది. విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. ఈ వేసవి నీళ్లు పెట్టకపోతే కొన్ని పిందెలు ఇప్పుడే రాలతాయి గానీ అసలు దెబ్బ రెండు మూడేళ్ల తరవాత గెలల్లో తెలుస్తుంది. ధర పడిపోయినప్పుడు రైతు మొదట ఆపేది ఎరువు, ముఖ్యంగా పొటాష్. చెట్టు వెంటనే ఏమీ అనదు, అందుకే ఆపినవాడికి ఏ బాధా ఉండదు. ధర మళ్లీ లేచేసరికి కాయ ఉండదు. "అప్పుడు నేలని తిడతారండి," అన్నారు. కొమ్ముపురుగు కోత కూడా ఇదే బాపతు కదా అనిపించింది.

ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టలుగా ఉన్నది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులో బయటపడింది. దాని జిగురు మీద మసి పట్టి కింది ఆకులు, అరటి కూడా నల్లబడ్డాయి. ఊళ్లో కొందరు మందు కొట్టించేశారు, దానికి మావయ్యగారికి మహా కోపం. తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ ఉంది, మందుతో ముందు పోయేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెప్పేదీ మందుల జోలికి పోవద్దనే.

తోట చివర కొన్ని చెట్లు నేలకి వంగి మళ్లీ పైకి తిరిగి ఉన్నాయి. 1996 నవంబరు తుపానువి. చుట్టూ ఉన్నవన్నీ ఆ తరవాత వేసినవే. దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇక మొక్కలు. త్వరగా కాపుకొస్తుందని నేను గోదావరి గంగ హైబ్రిడ్ అన్నాను. నీళ్లకి గ్యారంటీ లేని చోట దేశవాళీ పొడుగు రకమే నయమని ఆయన. వాదన భోజనాల దగ్గర మొదలై నర్సరీ దాకా సాగింది. అక్కడ ఏపుగా, పొడుగ్గా ఉన్న మొక్కలు నాకు నచ్చితే ఆయన వాటిని కన్నెత్తి చూడలేదు. పొట్టిగా, మెడ లావుగా, ఆరేడు ఆకులున్నవి ఏరారు. నీడలో ఇరుకుగా పెరిగినవే అలా పొడుగ్గా సాగుతాయట. చివరికి దేశవాళీ పది, బొండాలకి గంగబొండాం రెండు. పాతికడుగుల ఎడం, మీటరు గొయ్యి, మొక్క అడుగునున్న కాయ మట్టిలో మునగాలి గానీ మెడ మునగకూడదు, వానకి మట్టి మెడ మీదికి జారితే తీసేస్తూ ఉండాలి, మొదటి రెండు వేసవులు నీడ కట్టాలి. ఇవన్నీ మా ఆవిడ ఫోన్లో రాసుకుంది.

డిక్కీ చాలక సగం మొక్కలు వెనక సీటెక్కాయి, మావాడు ఖమ్మం దాకా ఆకుల మధ్య గొణుక్కుంటూనే వచ్చాడు. గోతులు తవ్వడానికి జేసీబీవాడు గంటకి ఎంత అడుగుతాడో ఇంకా కనుక్కోవాలి.