ఆ రెండు గుండీలు

మంగళవారం, రాత్రి

ఈరోజు పెద్దాయన చొక్కాకు రెండు గుండీలు తానే పెట్టుకున్నారు. మొత్తం ఆరు. మిగతా నాలుగూ నేను పెట్టాను.

పక్షవాతంతో కుడిచేయి పట్టు తప్పింది ఆయనకు. తొడుక్కునేటప్పుడు బలహీనమైన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. ఇది అలవాటు కావడానికే వారం పట్టింది. మంచి చేయి ముందు దూర్చేసేవారు, చొక్కా కాస్తా వీపు మీద ఉండచుట్టుకుపోయేది. గుండీలు కిందినుంచి మొదలుపెట్టమన్నాను, అంచులు కలుస్తాయి, కంటికీ ఆనుతాయి. మొదటిది వేళ్ల మధ్యనుంచి మూడుసార్లు జారింది. నాలుగోసారి సగం కాజాలో దూరి ఆగింది. నా చేయి దానంతట అదే ముందుకు పోబోతే వెనక్కి లాక్కున్నాను. ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా నేర్పే ఈ చదువులో, నాకింకా పట్టుబడని విద్య ఇదే, ఊరికే కూర్చోవడం.

తరువాత బార్థెల్ సూచీ నింపాను, రోగి రోజువారీ పనులు ఎంతవరకు తానే చేసుకోగలడో అంకెల్లో చెప్పే కాగితం. 1965 నాటి కొలత, పది అంశాలు, మొత్తం వంద. దుస్తులు వేసుకోవడానికి మూడే మెట్లు: తానే వేసుకుంటే 10, సాయంతో సగమైనా చేసుకుంటే 5, లేకపోతే 0. పోయిన వారం 5, ఈరోజూ 5. ఆ రెండు గుండీలకు కాగితం మీద చోటే లేదు. పక్క ఖాళీలో చిన్న అక్షరాలతో ఇరికించాను. మా పర్యవేక్షకురాలు చూసి ఏమీ అనలేదు. ఆవిడ విషయంలో అది మెచ్చుకోలే.

గదికి వచ్చేసరికి విభాగం నుంచి మెయిలు, నిరుటి పట్టభద్రుల ఉద్యోగాల లెక్క. ఫిజియోథెరపీ, రేడియోగ్రఫీ, ల్యాబ్ టెక్నాలజీ, మేము, వైద్య అనుబంధ కోర్సులన్నిటికీ కలిపి ఒకే పటం. ఉద్యోగం ఉన్నవాళ్లు నీలం, లేనివాళ్లు బూడిదరంగు. చదివిన పనేనా, పూర్తికాలమా, ఎన్ని నెలలకు దొరికింది, ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ కాగితం కోసం ఎదురుచూసేవాళ్లూ బూడిదరంగులోనే. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రమాణం ప్రకారం కనీసం 1000 గంటల క్షేత్ర శిక్షణ పూర్తిచేస్తేగాని మేము బయటపడము. అన్ని గంటలకూ చివరికి మిగిలేది ఒక రంగా అని కోపం వచ్చింది.

నీలంలో నాకు తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకావిడ పిల్లలకు చెంచా పట్టుకోవడం నేర్పుతోంది. ఒకాయన బీమా సంస్థలో క్లెయిముల కాగితాలు చూస్తున్నాడు. చదువంతా వృథా చేసుకున్నాడని లోపల్లోపల అనుకుంటూనే ఫోన్ చేశాను.

"అన్నా, అక్కడ మన చదువుతో పనేముంటుంది?"

"రోజంతా బార్థెల్ కాగితాలే చదువుతాను. ఇంకొన్నాళ్లు థెరపీకి డబ్బు ఇవ్వాలా వద్దా అని చెప్పాలి. వరుసగా రెండు వారాలు 5 కనబడితే మార్పేమీ లేదని పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం ముందు పక్క ఖాళీలో ఏం రాశారో చూస్తాను."

గుండీల సంగతి చెప్పాను. నవ్వి, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయమన్నాడు.