పదిమంది కలిసి ధ్యానానికి కూర్చుంటే

నెల్లూరు దగ్గర గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నామం జరిగేచోట కాసేపు కూర్చుంటే మనసు దానంతటదే కుదురుకుంటుంది. అందులో ఊపిరి పాత్ర చాలా ఉంది. ఒకే నామాన్ని అందరూ సాగదీసి పలికితే ఊపిరి వదిలే సమయం పెరుగుతుంది, గుండె నిదానిస్తుంది. కలిసి పాడేవాళ్ల గుండె లయలు కలుస్తాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపారు.

అందుకే మౌనానికి ముందు 5 నిమిషాలు ఓంకారం చేయించండి. శ్రుతి తప్పనివాళ్లు ఇద్దరు మధ్యలో కూర్చోవాలి. మైకు వద్దు, పక్కవాళ్ల గొంతు వినపడకపోతే కలవడం కుదరదు. తర్వాత 20 నిమిషాల మౌనం చాలు.

నెల్లూరు ఎండలకి ఏసీ వేసి తలుపులన్నీ బిగిస్తారు. జనం వదిలిన గాలి అక్కడే నిలిచి మత్తు కమ్ముతుంది. అది కునుకే, ధ్యానం కాదు. ఎదురెదురు కిటికీలు కొంచెం తెరిచి ఉంచండి. ఆలస్యంగా వచ్చేవాళ్లకి తలుపు దగ్గరే చాపలు వేయండి.