ముగ్గురం, ఒకటే డ్రూపల్ సైటు

డ్రూపల్ అంటే వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్; దాంతో ఒకే సైటును ముగ్గురం కలిసి చేస్తున్నాం. నేను నల్గొండ క్లాక్ టవర్ దగ్గర, ఒకరు మిర్యాలగూడలో, ఇంకొకరు దేవరకొండలో. డ్రూపల్ నడిచేది పీహెచ్‌పీ అనే భాష మీద; ముగ్గురి కంప్యూటర్లలో అది మూడు వెర్షన్లైతే "నా దగ్గర మంచిగనే నడుస్తోందన్నా" అనే మాట తప్పదు. అందుకే డీడెవ్ పెట్టుకున్నాం; డాకర్ అనే సాధనం సాయంతో అందరి కంప్యూటర్లలో ఒకేలాంటి సెటప్ తయారు చేస్తుంది ఇది. వెర్షన్లన్నీ ఒక్క ఫైల్లో రాసి గిట్‌లో (ఫైళ్ల మార్పులను దాచి, పంచుకునే సాధనం) వేస్తే అందరికీ అవే వస్తాయి.

అసలు తలనొప్పి కోడ్ కాదు, సెట్టింగులు. సైటులో కొత్త ఫీల్డ్ (సమాచారం నింపే గడి) కలిపితే అది డేటాబేస్‌లో కూర్చుంటుంది, గిట్‌కు కనపడదు. 2015లో వచ్చిన డ్రూపల్ 8 నుంచి ఈ సెట్టింగులను యామల్ అనే టెక్స్ట్ ఫైళ్లుగా బయటికి తీయొచ్చు. నేను ఎక్స్‌పోర్ట్ చేసి (ఫైళ్లుగా తీసి) కమిట్ చేస్తా, అంటే గిట్‌లో వేస్తా; వాళ్లు పుల్ చేసుకుని (గిట్ నుంచి దించుకుని) ఇంపోర్ట్ కొడతారు, అంటే తమ డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. పుల్ చేశాక ఇంపోర్ట్ మరిచి ఎక్స్‌పోర్ట్ కొడితే మాత్రం పక్కవాడి పని ఫైళ్లలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఎక్స్‌పోర్ట్ ముందు అడిగే ప్రశ్న చదవకుండా 'ఎస్' నొక్కేవాళ్లతో ఇదే టెన్షన్.

డేటాబేస్ మాత్రం లైవ్ సైటు (జనం చూసేది) నుంచి కిందికి తెచ్చుకోవడమే, పైకి పంపేది లేదు. డీడెవ్‌కు కావాల్సిన డాకర్ ఇమేజ్‌లు (సాఫ్ట్‌వేర్ మూటలు) దిగేదాకే నెట్ గోల; మిర్యాలగూడ తమ్ముడు రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాడు.