దేవుడిచ్చిన స్థలంలో ఎవరో కడీలు పాతారు

అమ్మ ఈమధ్య ప్రార్థనలో దేవుడితో గొడవ పడుతోంది. తాతయ్య పోర్టులో రిటైరైన డబ్బుతో పెందుర్తి దగ్గర కొని అమ్మ పేరున రాసిన స్థలంలో ఎవరో కడీలు పాతి తీగ చుట్టేశారు, ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయిస్తే తాతయ్యే ముందు వాళ్ళకి అమ్మేసినట్టు ఇంకో రిజిస్ట్రేషన్ కనిపించింది. అందులో సంతకం ఇంగ్లీషులో ఉంది. తాతయ్య బతికినన్నాళ్ళూ తెలుగులోనే సంతకం పెట్టాడు, చివర కొమ్ము కిందకి బారుగా లాగేవాడు.

పోలీసులు సివిల్ మేటర్ అన్నారు. చర్చిలో కొంతమంది పోనీలేమ్మా, మనకి పరలోక స్వాస్థ్యం, అదే పరలోకంలో ఆస్తి, ఉంది కదా అన్నారు (అన్నవాళ్ళందరికీ సొంతిళ్ళున్నాయి, అది వేరే సంగతి).

బైబిల్లో నాబోతు తన ద్రాక్షతోటని పోనీలే అనలేదుగా (1 రాజులు 21). అంతకంటే మంచి తోట ఇస్తా, లేదంటే డబ్బిస్తా అని రాజే అడిగినా పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు. రాణి యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాసి ముద్రేసింది, ఇద్దరు దొంగ సాక్షుల్ని పెట్టించింది, ఊరి పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఫోర్జరీ కొత్తదేం కాదు. కానీ నాబోతుని రాళ్ళతో కొట్టి చంపేశాకే ఏలీయా ప్రవక్త వచ్చాడు, అందుకే ఆ అధ్యాయం చూపించి ధైర్యంగా ఉండమంటే నాకు ఒళ్ళు మండుద్ది.

అమ్మ పట్టుకున్నది యూదా రాజు యెహోషాపాతు ప్రార్థన, 2 దినవృత్తాంతములు 20. మోయాబు, అమ్మోను, శేయీరు వాళ్ళు కలిసి మీదకొస్తే ఆయన పెళ్ళాం పిల్లలతో సహా జనాన్నంతా నిలబెట్టి దేవుడి ముందు అచ్చం పిటిషనే వేశాడు, ఈ దేశం మాకిచ్చింది నువ్వు, ఐగుప్తు నుంచి వచ్చేటప్పుడు వీళ్ళ జోలికి వెళ్ళొద్దంటే వెళ్ళలేదు, ఇప్పుడు నువ్విచ్చిన స్వాస్థ్యంలోంచే మమ్మల్ని తోలేస్తున్నారు, చూడు అని. లింక్ డాక్యుమెంట్లతో (స్థలం ఎవరి నుంచి ఎలా వచ్చిందో చూపే పాత పత్రాలు) సహా! చివర్లో మాకేం తోచట్లేదు, నీ వైపే చూస్తున్నాం అన్నాడు. అమ్మ అక్కడికొచ్చేసరికి ఏడుస్తుంది.

యుద్ధం దేవుడిదేనని జవాబొచ్చింది, దాంతోపాటే రేపు వాళ్ళకి ఎదురెళ్ళండి అని కూడా వచ్చింది. ఇంట్లో కూర్చోమనలేదు. మేమూ కోర్టులో ఇంజంక్షన్‌కి వేశాం, వాళ్ళని స్థలం జోలికి రాకుండా ఆపమని. తాతయ్య పాత సంతకాలు ఎక్కడున్నా తెమ్మని ప్లీడరు గారు అడిగితే అమ్మకి చర్చిలో ఉన్న తన పెళ్ళి రిజిస్టరు గుర్తొచ్చింది, సాక్షిగా తాతయ్యే సంతకం పెట్టాడంట. ఆదివారం ఆరాధన అయ్యాక బీరువా తీసి వెతుకుదామన్నారు పాస్టరు గారు.